బెణికిన చీలమండతో మంచు మీదికి: ప్రయాణానికి ముందు ఆరు వారాల్లో ఏం చేయాలి?

ఫిబ్రవరి చివర్లో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో స్కీయింగ్ అని టికెట్లు తీసుకున్నారు. సంక్రాంతికి ఊరెళ్లి పొలం గట్టు దిగుతుంటే పాదం లోపలికి మడత పడింది. ఇంకా ఆరు వారాలుంది. మామూలు బెణుకైతే ఈ సమయం సరిపోవచ్చు. అయితే చాలామంది నొప్పి తగ్గగానే నయమైందనుకుంటారు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డొల్ల. అది చీలమండను పక్కలకు కదలనివ్వదు కానీ, పిక్కను ముందుకు వంచి ఉంచుతుంది. ఆ వంపు మీ చీలమండలో లేకపోతే పిరుదులు వెనక్కి పోతాయి, బరువు స్కీల తోక మీద పడుతుంది, ఆ భారమంతా మోకాలి ఎముకలను కలిపే కట్ల (లిగమెంట్ల) మీదికి వస్తుంది. అందుకే పక్క బలంతో పాటు ముందు వంపును కూడా వెనక్కి తెచ్చుకోవాలి.

విరిగిందా, బెణికిందా?

కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రచురించిన నిబంధనలు ఇప్పటికీ పనికొస్తాయి. చీలమండ చుట్టూ నొప్పి ఉండి, లోపలి, బయటి ఎముకల గుబ్బల వెనక అంచును గానీ కొనను గానీ నొక్కితే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత డాక్టరు ముందూ నాలుగు అడుగులు వేయలేకపోయినా తీయించాలి. చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే పాదం మధ్యలో తగిలే ఎముక మొదలు, లోపలివైపు పాదం వంపు పైనున్న ఎముక నొక్కితే నొప్పి వచ్చినా అంతే.

ఇంకో రకం బెణుకు ఉంది. అది చీలమండకు పైన, రెండు కాలి ఎముకలను కలిపే కట్టులో వస్తుంది. పిక్కను మధ్యలో రెండు చేతులతో పిండితే కింద చీలమండ దగ్గర నొప్పి పుడుతుంది, పాదాన్ని బయటికి తిప్పితే ఇంకా ఎక్కువవుతుంది. దీనికి నెలలు పడుతుంది. పైగా స్కీ మెలితిప్పేది కూడా ఆ దిశలోనే. ఇలాంటిదైతే ఎముకల డాక్టరు సరేననే దాకా ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది.

తొలి మూడు రోజులు

నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీని కాలివేళ్ల మొదలు నుంచి పిక్క కింది దాకా ఎనిమిది ఆకారంలో, సగం మాత్రమే సాగదీసి చుట్టండి. వేళ్లు నీలంగా మారినా తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి. కాలిని దిండ్ల మీద, గుండె కంటే ఎత్తులో పెట్టండి. ఐస్ గడ్డలు తుండుగుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు పెట్టవచ్చు, నొప్పి తగ్గుతుంది. ఐస్‌తో త్వరగా మానుతుందని మాత్రం అనుకోకండి.

ఊళ్లో పెద్దవాళ్లు చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేస్తారు. చర్మం కాలేంత వేడిగా కాకుండా, గోరువెచ్చగా వేస్తే పెద్ద హాని లేదు, పెద్ద మేలూ లేదు. వేడి నూనెతో గట్టిగా మాలిష్ చేసి, "నరం సరిచేస్తాను" అని పాదాన్ని లాగడం మాత్రం తొలి వారంలో ఒప్పుకోవద్దు. తెగిన పోగుల మధ్య రక్తం చేరి వాపు రెట్టింపవుతుంది.

మాత్రల విషయంలో శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఒక ప్రత్యేక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస చుట్టూ ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీయవచ్చు, మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి. ఈమధ్య క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోకపోతే ముందు అది చేయించుకోండి. ఈలోగా పారాసిటమాల్ సరిపోతుంది, చీటీ మీది మోతాదు దాటకుండా.

నాలుగో రోజు నుంచి రెండో వారం దాకా

నొప్పి భరించగలిగినంతలో నడవండి. కుంటుతూ నడవడం కంటే ఆసరా కర్ర పట్టుకుని సరిగ్గా నడవడం మేలు. కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. రోజుకు మూడుసార్లు బొటనవేలితో గాలిలో అ నుంచి అః దాకా రాయండి. మన అక్షరాలు గుండ్రం కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది, ఈ పనికి ఇంగ్లీషు అక్షరాల కంటే నయం.

పాత సైకిల్ ట్యూబు మీటరు పొడవు కోసి తెచ్చుకోండి, సైకిల్ షాపులో అడిగితే ఇస్తారు. ఒక కొస పాదానికి, రెండోది మంచం కోడుకు కట్టి పాదాన్ని బయటివైపు లాగండి, నెమ్మదిగా వెనక్కి రండి. 15 సార్లు, మూడు విడతలు. పాదం మడతపడినప్పుడు పట్టుకోవాల్సిన కండరాలు ఇవే. వెనక్కి వచ్చేటప్పుడు ట్యూబును ఠక్కున వదిలేస్తే వ్యాయామం సగం పోయినట్టే.

గోడ పరీక్ష

చీలమండ ముందు వంపు ఎంతుందో కొలవడానికి గోడకు ఎదురుగా నిలబడి బొటనవేలు గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. తగిలితే పాదం ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. ఇంక తగలని చోట ఆగి, చివరగా తగిలిన దూరం టేపుతో కొలిచి రాసుకోండి. రెండో కాలికీ ఇదే. మంచి కాలికి 10 వస్తే దెబ్బకాలికి కనీసం 8 రావాలి. పాదం బయటికి తిప్పి, అరికాలి వంపు కూల్చేసి కొలిస్తే లెక్క తప్పుతుంది. మోకాలు రెండో వేలి మీదుగా వెళ్లాలి.

అడ్డుపడేది పిక్కలో సాగుతున్నట్టుంటే అదే వంపులో 30 సెకన్లు నిలిచి, మూడుసార్లు, రోజుకు రెండు పూటలా చేయండి. కీలు ముందుభాగంలో గిల్లినట్టుంటే మాత్రం బలవంతం చేయకండి. అది కండరం బిగుసుకోవడం కాదు, కీలు జరగకపోవడం. ఫిజియోథెరపిస్టు చేతితో కదిలించాలి.

మూడో వారం నుంచి

ఒంటికాలి మీద 30 సెకన్లు, తర్వాత కళ్లు మూసుకుని, తర్వాత దిండు మీద. పళ్లు తోముకునేటప్పుడు చేస్తే మర్చిపోరు. మడమలు లేపడం మొదట రెండు కాళ్లతో 15 సార్లు, వారం తర్వాత ఒంటికాలితో. బళ్లో పంతుళ్లు వేయించిన గోడ కుర్చీ స్కీకి అచ్చమైన శిక్షణ. తొడలు నేలకు సమాంతరంగా 60 సెకన్లు, మూడుసార్లు.

నాలుగో వారంలో మెట్లు దిగడం మొదలుపెట్టండి. ఎక్కడం కంటే దిగడమే స్కీకి దగ్గర, ఎందుకంటే కండరం సాగుతూ బరువు ఆపాలి. విజయనగరం వాళ్లకు రామతీర్థం కొండ మెట్లున్నాయి. పొద్దున్నే, తడి లేనప్పుడు, నెమ్మదిగా.

కళింగపట్నం తీరంలో నడక మంచిదే. ముందు తడిసి గట్టిపడ్డ ఇసుక మీద, తర్వాతే పొడి ఇసుక. ఒక కిటుకు: ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది, కాబట్టి సముద్రం వైపు కాలు లోపలికి మడత పడే దిశలో ఒరుగుతుంది. దెబ్బకాలు నేల వైపుండేలా నడవండి. తిరిగి వచ్చేటప్పుడు అది తారుమారవుతుంది, అప్పుడు పైన చదునుగా ఉన్న దారిలో రండి.

బయలుదేరే ముందు వారం

గోడ పరీక్షలో తేడా 2 సెంటీమీటర్లలోపు ఉండాలి. ఒంటికాలి మడమ లేపడం 20 సార్లు రావాలి. దెబ్బకాలితో ఒక గెంతు దూరం మంచి కాలి గెంతులో 90 శాతం ఉండాలి. మర్నాడు పొద్దున వాపు ఉండకూడదు. నాలుగింటిలో ఏది తప్పినా వెళ్లి మంచు చూసి రండి, స్కీలు కట్టుకోకండి.

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ దాకా వెళ్లేవాళ్లు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ 20 సార్లు ఆడించి, బోగీలో ఒకసారి నడవాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కావచ్చు, దిగి డాక్టరును చూడాల్సిందే.

అద్దె బూట్ల దగ్గర

స్కీ బూటు కొలత పాదం పొడవు సెంటీమీటర్లలో చెబుతారు. సాయంత్రం మడమ గోడకు ఆనించి కొలిచి 26.5 అనో ఎంతో రాసుకెళ్లండి. ఒక్క పల్చటి సాక్సు చాలు. చీలమండకు ఆసరాగా వేసుకునే పట్టీ స్కీ బూటులో పట్టదు, ఎముక గుబ్బలను నొక్కి నొప్పి పెడుతుంది. దాన్ని మామూలు బూట్లలో, హోటల్ నుంచి వాలు దాకా గడ్డకట్టిన దారిలో వేసుకోండి. మళ్లీ బెణికే ప్రమాదం అక్కడా ఉంది. ముందు వంపు కొంచెం తక్కువైతే లోపలి మెత్త కింద 3-6 మిల్లీమీటర్ల మడమ దిమ్మ పెట్టమని అడగండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పును బట్టి బిగించాలి. కొత్తవాళ్లమని చెప్పండి, "ఊడిపోకుండా గట్టిగా" అని అడగకండి. పడినప్పుడు ఊడటమే దాని పని.

మొదటి రోజు రెండు గంటలే. రెండో రోజు పొద్దున హోటల్ గోడ దగ్గరే మళ్లీ కొలవండి. ఇంట్లో చివరగా రాసుకున్న అంకె కంటే 2 సెంటీమీటర్లు తగ్గితే ఆ రోజు బూటు వేసుకోకండి. గుల్మార్గ్‌లో ఉంటే గొండోలా (తీగమీద నడిచే కేబుల్ కారు) ఎక్కి మొదటి మజిలీ కొంగ్‌డూరీ దాకా వెళ్లి రావచ్చు.