పియానో మీద ఒక్క స్వరంతో దిగులు పుట్టించడం

కర్ణాటక సంగీతం నేర్చుకుని కీబోర్డు ముందు కూర్చునే చెన్నై తెలుగువాళ్ళు మొదట వెతుక్కునేది గమకం. పియానోలో అది దొరకదు. నొక్కిన స్వరం వంగదు, మెల్లగా తగ్గిపోతుందంతే. మినిమలిస్టు పియానో, అంటే అతి తక్కువ స్వరాలతో సాగే సంగీతం, మనసు పట్టుకునేది ఇంకోచోట. మనం షడ్జమాన్ని కదపకుండా పాడతాం. ఇక్కడ పై స్వరాన్ని నిలిపి ఉంచి, కింద షడ్జమాన్నే మారుస్తారు.

'ఏ' (A) మైనర్ తీసుకోండి, అవి నటభైరవి రాగ స్వరాలే. మెట్రోనోమ్ నిమిషానికి 66 దెబ్బలు. ఎడమచేత్తో కింది 'ఏ', 'ఈ' (E), పై 'ఏ', మళ్ళీ 'ఈ'. ఒక్కో దెబ్బకు రెండు స్వరాలు. నాలుగు దెబ్బల బార్‌లో ఈ వరస రెండుసార్లు వస్తుంది. రెండో బార్ ఎఫ్–సి, మూడోది సి–జి, నాలుగోది జి–డి, అదే తీరులో. ఎడమచేతిలో గాంధారం కావాలనే వదిలేశాం; కింది స్థాయిలో అది గజిబిజిగా మోగుతుంది.

కుడిచేతికి మధ్య సి పైనున్న 'ఈ' స్వరం ఒక్కటే, బార్‌కోసారి. 'ఏ' మీద అది పంచమం, నిలకడగా ఉంటుంది. కింద ఎఫ్ రాగానే కాకలి నిషాదమైపోతుంది: షడ్జమానికి అరస్వరం ముందు ఆగి, అందుకోదు. గుండె పట్టేది ఈ బార్‌లోనే. ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సతీ 1888లో రాసిన మొదటి జిమ్నోపెడీ అనే పియానో రచన మొదలయ్యేది కూడా ఇలాంటి, షడ్జమం పైన కాకలి నిషాదం కలిసే మేజర్ సెవెంత్ కార్డులు రెండింటితోనే. సి మీద అదే 'ఈ' స్వరం అంతర గాంధారం, కాస్త వెలుతురు. జి మీద చతుశ్రుతి ధైవతం.

మొదటి ఆవృత్తం (ఈ నాలుగు బార్లూ ఒకసారి) ఎడమచేయి మాత్రమే. రెండోసారి కుడిచేతి 'ఈ' చేర్చండి. మూడోసారి సి బార్‌లో ముందు ఎఫ్ నొక్కి, మూడో దెబ్బకు ఈ కి దిగండి. నాలుగోసారి ఈ ని పై స్థాయిలో, ఇంకా మెత్తగా. ఇంతకు మించి చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి.

ఎక్కువమంది చెడగొట్టేది స్వరాన్ని మోగుతూ ఉంచే సస్టైన్ పెడల్ దగ్గర. కొత్త బార్ మొదటి స్వరం మోగిన క్షణానే పాదం ఎత్తి, వెంటనే మళ్ళీ నొక్కాలి. స్వరంతోపాటే నొక్కితే పాత బార్ కూడా అంటుకుని వస్తుంది. ఎఫ్ నుంచి ఈ కి దిగేచోట కూడా మార్చాలి, లేకపోతే ఆ రెండూ ఒరుసుకుంటాయి. రివర్బ్ (ప్రతిధ్వని) తగ్గించండి, పెడల్, రివర్బ్ కలిస్తే అంతా ముద్ద.

సీలింగ్ ఫ్యాన్ హోరులో మెత్తని స్వరాలు వినపడక వేళ్ళు వాటంతటవే గట్టిపడతాయి. వాల్యూమ్ పెంచి మెత్తగా నొక్కండి, లేదా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. వేలి బలానికి శబ్దం ఎలా స్పందించాలో చెప్పే టచ్ సెట్టింగ్ 'హార్డ్'లో ఉంచితే మెత్తని స్థాయిల్లో తేడాలు చూపించే చోటు పెరుగుతుంది. టైల్స్ మీద పెడల్ జారితే కింద రబ్బరు మ్యాట్ వేయండి. పెడల్ నొక్కితే స్వరం ఆగి, వదిలితే మోగుతోందా? ఆన్ చేసేటప్పుడు పాదం పెడల్ మీద ఉండుంటుంది. చాలా కీబోర్డుల్లో ఆపి, పాదం తీసి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుంది.