మంచుకు మాడిన కరివేపాకును అప్పుడే పీకేయకండి

డాలస్ వైపు ఉండే మనవాళ్లకు ఈ మాట. రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి పడిపోయి, బయట మరిచిపోయిన కరివేపాకు కుండీ తెల్లారేసరికి నల్లబడిందా? టెన్షన్ పడి కత్తెర తీయకండి. ఆ మాడిన ఆకులే కింది కొమ్మకు చలి నుంచి కొంత రక్షణ. పైగా ఇప్పుడు కత్తిరిస్తే లేత చిగురు వస్తుంది, తర్వాతి మంచుకు అదీ పోతుంది. మార్చి చివరి దాకా ఆగండి.

ఈలోగా కుండీని చలి తగలని చోటికి మార్చండి, కానీ హీటర్ పక్కన పెట్టొద్దు. మట్టి పైన ఆరితేనే కొద్దిగా నీళ్లు. ఎరువు అస్సలు వద్దు, దెబ్బతిన్న వేరు దాన్ని తట్టుకోలేదు.

తర్వాత కొమ్మను గోటితో కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి గీరుతూ వెళ్లి, పచ్చదనం కనబడిన చోటికి కోయండి. పైనంతా ఎండినా మొదట్లోంచి చిగురు రావచ్చు, మే దాకా చూడండి. నాలుగాకులు విచ్చాకే పలచటి పుల్లమజ్జిగ పోయండి.

కుండీ కదలనంత పెద్దదైతే, మంచు కురిసే రాత్రి పాత దుప్పటి నేల దాకా కప్పి, పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ కవర్ మాత్రం ఆకుకు తగలనివ్వకండి.