ప్రమాదం తర్వాత వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందా? ఎలా తెలుసుకోవాలి

చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు దారిలో భాకరాపేట ఘాట్. ఈ రెండు పేర్లు వింటేనే మనవైపు వాళ్లకు గుండె ఝల్లుమంటుంది. అక్కడ కారు పల్టీ కొట్టిందని ఫోన్ వస్తే ఇంట్లోవాళ్లు పరుగెత్తేది తిరుపతి రుయా ఆసుపత్రికో, చిత్తూరు జిల్లా ఆసుపత్రికో, దారిలో కనిపించిన నర్సింగ్ హోమ్‌కో. అక్కడి నుంచి తిరుపతిలోని పెద్దాసుపత్రులు స్విమ్స్, బర్డ్, లేదంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రి, చెన్నై. చివరికి కాలు తీసేయాల్సి వచ్చిందనుకోండి, లేదా బాగానే మాట్లాడిన మనిషి తెల్లారేసరికి కోమాలోకి వెళ్లాడనుకోండి. ఇంట్లో అందరినీ తినేసే ప్రశ్న ఒకటే: ఇది దెబ్బ వల్ల జరిగిందా, చూడాల్సినవాళ్లు చూడకపోవడం వల్ల జరిగిందా?

జవాబు చాలావరకు గడియారంలో, కాగితాల్లో ఉంటుంది. ఏ లక్షణం ఎన్ని గంటలకు కనిపించింది, దాన్ని ఎవరికి చెప్పారు, వాళ్లు ఎన్ని గంటలకు ఏం చేశారు అన్నవి తేలితే సగం విషయం తేలినట్టే.

1. ముందు ఈ తేడా తెలుసుకోండి

ఫలితం చెడ్డగా వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత స్పష్టంగా గీసింది. అదే చదువు, అదే పరిస్థితిలో ఉన్న ఒక మామూలు సమర్థుడైన డాక్టరు చేసే పని ఈ డాక్టరు చేశాడా లేదా అన్నదే కొలత. దేశంలో అందరికంటే గొప్ప డాక్టరు ఏం చేసేవాడన్నది కాదు.

ఉదాహరణకు తొడ ఎముక విరిగినప్పుడు ఒకటి, రెండు రోజుల్లో ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి ఆయాసం రావచ్చు. ఎంత జాగ్రత్తగా చూసినా కొందరికి వస్తుంది. రాడ్ వేసినచోట చీము పట్టడమూ అంతే, దానంతట అది తప్పు కాదు. కానీ రోగి ఆయాసపడుతున్నాడని నర్సు రాసిపెట్టినా రాత్రంతా ఏ డాక్టరూ రాకపోతే, గాయం నుంచి చీము కారుతున్నా వారాల తరబడి ‘మామూలేలే’ అని పంపేస్తూ ఉంటే, అప్పుడు అడగాల్సిందే.

2. టైముల పట్టిక రాయండి

ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెడితే మంచిది. నోటు పుస్తకమైనా, ఫోనులో నోట్ అయినా సరే. ప్రమాదం జరిగిన టైము, 108 వచ్చిన టైము, ఆసుపత్రి చేరిన టైము, మొదట చూసిన డాక్టరు పేరు, స్కానింగ్ ఎప్పుడు తీశారు, రిపోర్టు ఎప్పుడు వచ్చింది. ‘నొప్పి ఎక్కువవుతోంది’ అని మీరు ఎవరితో ఎప్పుడు చెప్పారు, వాళ్లేమన్నారు అన్నది తప్పకుండా రాయండి. తమ్ముడికో బావకో వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లు, కాల్ లిస్టు, మందుల బిల్లులు అన్నింటిమీదా టైము ఉంటుంది. ఏదీ చెరిపేయకండి. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసేదానికి, ఆ రాత్రే రాసినదానికి విలువలో చాలా తేడా ఉంటుంది.

3. ఏ లక్షణాల దగ్గర పొరపాటు జరుగుతుందో చూడండి

కాలు, చేయి విరిగినప్పుడు జరిగే ఆలస్యం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇంట్లోవాళ్లు కూడా పసిగట్టగలరు. మోకాలి కింద ఎముక విరిగి పిండి కట్టు వేశాక లోపల వాపు పెరిగితే కండరాలకు రక్తం అందదు. దీన్ని డాక్టర్లు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. నొప్పి తగ్గే సూది వేసినా నొప్పి పెరుగుతూనే ఉంటుంది. కాలివేళ్లను మెల్లగా పైకి వంచితే చాలు, రోగి కేక పెడతాడు. పిక్క రాయిలా గట్టిపడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ స్థితిలో కట్టును పూర్తిగా విప్పాలి. అయినా తగ్గకపోతే వెంటనే ఆపరేషన్ చేసి కండరాల పైపొరను కోసి ఒత్తిడి తగ్గించాలి. దాదాపు ఆరు గంటలు దాటితే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ‘ఫ్రాక్చర్ కదా, నొప్పి ఉంటుంది, ఓర్చుకో’ అని కట్టు విప్పి చూడకుండా రాత్రంతా నొప్పి సూదులే వేశారని కేసు షీటులో ఉంటే, నా దృష్టిలో అది గట్టిగా ప్రశ్నించాల్సిన సంగతి. పాదంలో నాడి ఆడుతోంది కాబట్టి ఫరవాలేదనుకున్నాం అంటారేమో. నాడి అందకపోవడం చాలా ఆలస్యంగా వచ్చే గుర్తు, అందుకే నాడి ఉందన్న ఒక్కమాట సరిపోదు.

మోకాలి కీలు తప్పినప్పుడు మాత్రం పాదంలో నాడి చూడటమే ప్రాణం. మోకాలి వెనక రక్తనాళం తెగితే గంటల్లోనే కాలు పోతుంది. నాడి చూసినట్టు కేసు షీటులో ఉందో లేదో వెతకండి.

తలకు దెబ్బ తగిలినప్పుడు మొదట బాగానే మాట్లాడటం మనల్ని మోసం చేస్తుంది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతూ కొన్ని గంటల తర్వాత మనిషి మగతలోకి జారవచ్చు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, ఒక కంటిపాప పెద్దదవడం, ఒకవైపు చేయీ కాలూ బలహీనపడటం కనిపిస్తే సీటీ స్కాన్ తీయాలి, ముందు తీసి ఉన్నా మళ్లీ తీయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ‘తాగి ఉన్నాడు, పడుకోనివ్వండి’ అని వదిలేయడం చాలా ప్రమాదం. తాగినవాడికీ తలలో రక్తం గడ్డకడుతుంది, ఆ మగత తాగడం వల్లా, దెబ్బ వల్లా అన్నది స్కాన్ లేకుండా తేలదు.

సీటు బెల్టు ఒత్తిన గుర్తు పొట్టమీద ఉందంటే లోపల ప్లీహానికో పేగులకో దెబ్బ తగిలి ఉండొచ్చు. మొదటి అల్ట్రాసౌండ్ బాగుందన్నంతలో అయిపోదు. నాడి వేగం పెరుగుతూ బీపీ పడిపోతూ ఉంటే మళ్లీ చూడాలి.

మిగతావి క్లుప్తంగా: మట్టి, అద్దం ముక్కలు లోపల ఉండగానే గాయానికి కుట్లు వేయడం (అద్దం ముక్కలు చాలావరకు ఎక్స్‌రేలో కనిపిస్తాయి), ఎముక బయటికి వచ్చిన గాయానికి వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వకపోవడం, టీటీ సూది మరిచిపోవడం, తొడ ఎముక విరిగినవాడికి తుంటి ఎక్స్‌రే తీయకపోవడం. మణికట్టులో చిన్న ఎముక విరగడం మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అది తప్పు కాదు. నొప్పి తగ్గలేదని రెండు వారాల తర్వాత వెళ్లినా మళ్లీ ఎక్స్‌రే తీయకపోతే అది వేరే సంగతి.

4. ఎవరు చూశారు, సంతకం దేనిమీద పెట్టించుకున్నారు

రాత్రి డ్యూటీలో ఉన్నది ఎవరో కనుక్కోండి. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నియమం. హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన వైద్యుడి కేసులో, అలా చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది.

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టమంటే ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏం ప్రమాదం ఉందో రాయించాకే పెట్టండి. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో అనుమతి కోసం ఆగరు, ఆగకూడదు కూడా. కానీ ఆ సాకు చూపి, తొందర లేని ఆపరేషన్‌ను కూడా చెప్పకుండా చేయడం తప్పు.

ముందు డబ్బు కడితేనే చేయి వేస్తామని తిప్పి పంపడం కూడా తప్పే. గాయపడినవారికి ప్రథమంగా చేయాల్సిన వైద్యం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది.

5. పుత్తూరు కట్టు, ‘లామా’ సంతకం

మనవైపు ఎముక విరిగితే చాలామంది పుత్తూరు వెళ్తారు. తరాలుగా ఉన్న నమ్మకం అది, దాన్ని తక్కువ చేయను. కానీ కారు ప్రమాదంలో తగిలేది ఒక్క ఎముక దెబ్బే కాదు. రక్తం కారే గాయం, తల దెబ్బ, పొట్ట దెబ్బ ఉన్న మనిషిని నేరుగా కట్టుకు తీసుకెళ్లకండి. ఇంకో సంగతి: వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని ఆసుపత్రిలో సంతకం పెట్టి (దాన్నే లామా అంటారు) బయటికొస్తే, తర్వాత జరిగిన నష్టమంతా బయటే జరిగిందని ఆసుపత్రి అంటుంది. నిజంగా అక్కడి వైద్యం నచ్చకే వెళ్తున్నట్టయితే ఆ కారణం ఆ కాగితం మీదే మీ చేత్తో రాయండి. వీలైతే ఫోటో తీసుకోండి. వెళ్లేముందు కాలి రంగు, వాపు కనిపించేలా కూడా ఒక ఫోటో ఉంచుకోండి.

6. కాగితాలు తెచ్చుకోండి

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు, అది ఆసుపత్రి చివర్లో రాసుకున్న కథ. కావాల్సింది కేసు షీటు మొత్తం: నర్సుల నోట్సు, బీపీ, నాడి చార్టు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు రికార్డు, సమ్మతి పత్రం, స్కానింగ్ సీడీలు, ఎక్స్‌రే ఫిల్ములు. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచిపెట్టాలి. అడిగిన దరఖాస్తు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. ప్రమాదం కాబట్టి ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) నమోదై ఉంటుంది, దాని నకలు, ఎఫ్‌ఐఆర్ నకలు రెండూ తీసుకోండి.

కోపంలో వార్డులో గొడవపడటం, అద్దాలు పగలగొట్టడం వద్దు. ఆసుపత్రులు, సిబ్బంది మీద దాడులకు రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. బాధితులే ముద్దాయిలైపోతారు, అసలు విషయం పక్కకు పోతుంది.

7. ఇంకో డాక్టరుకు చూపించండి

ఆ ఊరికీ, ఆ ఆసుపత్రికీ సంబంధం లేని స్పెషలిస్టు అయితే మంచిది. చాలామంది వేలూరు వెళ్లేది ఇందుకే. ‘తప్పు జరిగిందా?’ అని అడిగితే చాలామంది డాక్టర్లు నోరు విప్పరు. ‘ఈ లక్షణాలు ఈ టైముకు ఉంటే మీరైతే ఏం చేసేవారు?’ అని అడగండి. జవాబు వస్తుంది.

8. ఎక్కడికి వెళ్లాలి

డాక్టరు ప్రవర్తన, అర్హత మీద ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు. నర్సింగ్ హోమ్ వసతులు, అనుమతుల మీద అయితే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌వో).

నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే ఉచితంగా చూపించుకున్నవారికీ హక్కు ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం ఈ చట్టం కిందికి రాదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, ఆసుపత్రి చెన్నైలో ఉన్నా సరే. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, అయినా ఇలాంటి కేసుకు పెట్టుకోవడమే మంచిదంటాను. స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు. ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం ఉండి తీరాలన్న నియమం లేదని, హైదరాబాద్‌కు చెందిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో గుడ్డ మరచి కుట్లు వేసినట్టి తప్పు దానంతటదే మాట్లాడుతుంది.

పోలీసు కేసు కావాలంటే మాత్రం తప్పు చాలా తీవ్రంగా ఉండాలి. పోలీసులు ముందు ఈ కేసుతో సంబంధం లేని డాక్టరు, వీలైనంతవరకు ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని జేకబ్ మాథ్యూ తీర్పులోనే ఉంది.

రెండు గడువులు గోడమీది క్యాలెండర్లో రాసుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు రెండేళ్లు. ఢీకొట్టిన వాహనం మీద మోటారు ప్రమాద పరిహారం అడిగేందుకు, 2022 ఏప్రిల్ నుంచి జరిగిన ప్రమాదాలకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే. ఈ రెండూ వేర్వేరు కేసులు. ఆసుపత్రి తప్పు తేలేదాకా ఆగి బండి మీద కేసు వేయడం మానుకోకండి.