హ్యామక్ అండర్‌క్విల్ట్‌కు తేలికైన నింపుడు ఎంచుకోవడం

హ్యామక్‌లో, అంటే చెట్ల మధ్య వేలాడగట్టే గుడ్డ ఊయలలో, పడుకున్నప్పుడు స్లీపింగ్ బ్యాగు అడుగుభాగం ఒంటి బరువుకు అణిగిపోయి, వెచ్చటి గాలిని పట్టి ఉంచలేదు కనుక, చలి ముందుగా వీపుకే తగులుతుంది. అందుకే అండర్‌క్విల్ట్ అనే బొంతను హ్యామక్ గుడ్డకు వెలుపల, అడుగున, నలగకుండా వేలాడదీస్తారు. కేవలం బరువే చూసుకుంటే, అందులో నింపడానికి బాతు ఈకల నూగుకు సాటి లేదు. నూగు ఎంత పొంగుతుందో చెప్పే కొలత ఫిల్ పవర్: 850 ఫిల్ పవర్ ఉన్న నూగు ఔన్సుకు 850 ఘనపుటంగుళాల మేర పొంగుతుంది. కానీ తడిస్తే ఆ పొంగు అణగారిపోతుంది, ఆరడానికీ చాలా సేపు పడుతుంది. అమెరికాలోని అపలాచియన్ ట్రయిల్ వంటి వాన, తేమ ఎక్కువగా ఉండే దారుల్లో, కొద్దిపాటి బరువు పెరిగినా సరే, క్లైమాషీల్డ్ అపెక్స్ వంటి సింథటిక్ పొరే నయమని నా అభిప్రాయం.

భుజాల నుంచి మోకాళ్ల వరకు వచ్చే ముప్పావు నిడివిది తీసుకుని, పిక్కల కింద చిన్న ఫోమ్ ముక్క వేసుకుంటే బరువు ఇంకా తగ్గుతుంది. ఏ రకమైనా, పడుకున్నాక క్విల్ట్ వీపును ఆనుకుని ఉందో లేదో పక్కవారితో చేత్తో తడిమి చూడమనాలి. ఖాళీ ఉంటే చల్లగాలి చొరబడుతుంది, మరీ బిగిస్తే నింపుడు నలిగిపోతుంది.