ముందు సీటు ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చోవచ్చా?

హాల్లోకి వెళ్లి మన సీట్లో సర్దుకున్నాక కళ్లు మొదట వెతికేది, ఇంతకంటే మంచి సీటు ఎక్కడైనా ఖాళీగా ఉందా అనే. సినిమా అయినా, నాటకమైనా, కచేరీ అయినా ఇదే సంగతి. మారి కూర్చోవడం తప్పేమీ కాదు. కాకపోతే ఎప్పుడు లేవాలి, ఏ సీటుకి వెళ్లాలి, ఆ సీటు మనిషి వచ్చేస్తే ఏం చేయాలి, ఈ మూడూ తెలుసుకునే లేవాలి. అవి తెలియకుండా లేచేవాళ్ల వల్లే చుట్టుపక్కల పదిమందికి చిరాకు.

ముందు టికెట్ రేటు సంగతి. మీరు కొన్న రేటులోనే ఇంకో సీటు ఖాళీగా ఉంటే అది మర్యాదకి సంబంధించిన విషయం. ఎక్కువ రేటు సీటు అయితే అది డబ్బుకి సంబంధించిన విషయం, సిబ్బందిని అడగకుండా వెళ్లకూడదు. ఆ వరుసలో కూర్చున్నవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కున్నారు, వాళ్ల పక్కన మీరు ఊరికే వచ్చి కూర్చోవడం వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈ మధ్య కొన్ని హాళ్లలో ఒకే వరుసలో కూడా మధ్య సీట్లకి ఒక రేటు, చివరి సీట్లకి ఇంకో రేటు పెడుతున్నారు, కాబట్టి వరుస ఒకటే కదా అని నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక ఖాళీ సీటు నిజంగా ఖాళీయేనా అన్నది. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. నాటకాలకీ, ఒపేరాలకీ (పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకాలు), శాస్త్రీయ సంగీత కచేరీలకీ ఆలస్యంగా వచ్చినవాళ్లని చాలా హాళ్లలో వెంటనే లోపలికి వదలరు, సీన్ పూర్తయ్యేదాకానో, ఒక అంశం అయిపోయి చప్పట్లు మొదలయ్యేదాకానో తలుపు దగ్గరే ఆపుతారు. అంటే మొదటి ఇరవై నిమిషాలు ఖాళీగా కనిపించిన సీటు మనిషి తలుపు బయట నిలబడి ఉండొచ్చు. సినిమా హాల్లో ఇంకో రకం: యాడ్స్, ట్రైలర్లు ఎంతసేపు వేస్తారో తెలిసినవాళ్లు సరిగ్గా సినిమా మొదలయ్యే వేళకి చూసుకుని వస్తారు, పైగా చాలా చోట్ల ఆట మొదలయ్యాక కూడా కాసేపు ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్ముతూనే ఉంటారు. లైట్లు ఆరినప్పుడు ఖాళీగా ఉన్న సీటు పది నిమిషాల తర్వాత కూడా ఖాళీగా ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

కావాలని ఖాళీగా ఉంచే సీట్లు కూడా ఉంటాయి. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ల కోసం వదిలిన చోటు, వాళ్లతో వచ్చినవాళ్ల సీటు, స్తంభం అడ్డు వచ్చి అమ్మని సీటు, కెమెరా కోసమో సౌండ్ బోర్డు కోసమో వదిలిన వరుస, నటీనటులు ప్రేక్షకుల మధ్య నుంచి స్టేజి మీదకి వెళ్లే దారి పక్క సీట్లు. టికెట్ల గొడవలు వస్తే సర్దడానికీ, అతిథుల కోసమూ నాటకం నడిపేవాళ్లు కొన్ని మంచి సీట్లు చివరిదాకా చేతిలో ఉంచుకుంటారు. మీ కంటికి అది వృథాగా పోతున్న సీటు, వాళ్లకి మాత్రం దాంతో పని ఉంది.

మరి ఎప్పుడు మారాలి? విరామం ఉన్న ప్రదర్శనకి విరామమే మంచి సమయం. లైట్లు వెలుగుతాయి, అందరూ లేచి తిరుగుతుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు, రావాల్సినవాళ్లు ఈపాటికి వచ్చేసి ఉంటారు. కాకపోతే సీటు మనిషి బయటికి వెళ్లి ఉండొచ్చు, కాబట్టి పక్కవాళ్లని "ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా అండీ?" అని ఒక్క మాట అడగండి. విరామం లేని సినిమా అయితే ట్రైలర్లు అయిపోతుండగా నిర్ణయించుకోండి. కథ మొదలయ్యాక మారాలనిపిస్తే ఆ కోరిక వదిలేయండి, ఒక్కటి తప్ప: మీ సీటు విరిగి ఉన్నా, పక్కనున్నవాళ్లు ఇబ్బంది పెడుతున్నా ఆగక్కర్లేదు, నిశ్శబ్దంగా బయటికి వెళ్లి సిబ్బందికి చెప్పండి, వాళ్లే వేరే సీటు చూపిస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఒకే రచనలోని భాగాల మధ్య కాస్త నిశ్శబ్దం వస్తుంది, అది లేచే సమయం కాదు, రచన మొత్తం అయ్యి చప్పట్లు కొట్టేదాకా కదలకండి.

ఏ సీటు ఎంచుకోవాలన్న దాంట్లో నేను గట్టిగా పట్టించుకునే విషయం ఒకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వెళ్లే ముందు ఆ సీటు వెనక ఎవరున్నారో చూడండి. ముందు సీటు ఖాళీగా ఉండటం వల్ల ఒక చిన్నపిల్లకో, పొట్టిగా ఉన్న పెద్దావిడకో స్టేజి మొత్తం హాయిగా కనబడుతూ ఉంటుంది. మీరు వెళ్లి కూర్చున్న క్షణం ఆ అదృష్టం పోతుంది. మీకు టికెట్ ఉన్న సీటే అయితే ఎవరూ ఏమీ అనలేరు, కానీ మీది కాని సీటు కోసం ఇంకొకరి చూపుకి అడ్డుపడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వెనక ఎవరూ లేని సీటో, వెనక పొడుగ్గా ఉన్నవాళ్లు కూర్చున్న సీటో చూసుకోండి. అలాగే హాలంతా ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా కూర్చున్న మనిషి పక్క సీట్లోనే వెళ్లి కూర్చోకండి, కనీసం ఒకటి రెండు సీట్లు వదలండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

వరుస మధ్యలోకి వెళ్లాలంటే ఎంతమంది మోకాళ్లు దాటాలో కూడా లెక్కేసుకోండి. జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ ఒపేరాల కోసం కట్టి 1876లో తెరిచిన హాల్లో వరుసలని మధ్యలో విడదీసే నడక దారే లేదు, ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒకటే వరుస. అలాంటి అమరిక ఉన్న హాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట మధ్య సీటుకి వెళ్లడమంటే సగం వరుసని లేపడమే, దానికంటే వరుస చివర ఖాళీగా ఉన్న సీటే నయం. ఎలాగూ దాటాల్సి వస్తే కాస్త వంగి, మెల్లగా వెళ్లండి, ఫోన్ లైట్ వేయకండి. బ్యాగు, కోటు, నీళ్ల సీసా అన్నీ ఒకేసారి తీసుకెళ్లండి, మళ్లీ వెనక్కి రావద్దు. ఒకసారి మారితే అక్కడే ఉండిపోవాలి, ప్రతి సీన్‌కీ ఇంకాస్త ముందుకి జరగడం చూసేవాళ్లకి నరకం.

నలుగురైదుగురు కలిసి వచ్చినప్పుడు మాత్రం మారకపోవడమే మంచిది. ఒక మనిషిని లేపడం వేరు, కుటుంబాన్నంతా చీకట్లో లేపి వెనక్కి పంపడం వేరు.

ఇప్పుడు అసలు సంగతి, సీటు మనిషి వచ్చాడు. లేవండి, వెంటనే. "సారీ అండీ, మీ సీటే" అంటే చాలు. ఆయన్ని టికెట్ చూపించమని అడగొద్దు, "అవతల చాలా ఖాళీ ఉన్నాయి కదా, అక్కడ కూర్చోండి" అని అస్సలు అనొద్దు. ఆలస్యంగా వచ్చి, చీకట్లో తడుముకుంటూ, అందరూ తననే చూస్తున్నారన్న టెన్షన్‌లో ఉన్న మనిషి చేత తన సొంత సీటు కోసం వాదన చేయించడం చాలా పెద్ద తప్పు. అందుకే మారేటప్పుడు మీ అసలు సీటు నంబర్ గుర్తుపెట్టుకోండి, లేవాల్సి వస్తే నేరుగా అక్కడికే వెళ్లండి, దారిలో ఇంకో ఖాళీ సీటు చూసి అందులో కూర్చుంటే మళ్లీ ఇదే జరగొచ్చు. మీ సీట్లో ఈలోగా ఇంకెవరో కూర్చుని ఉంటే తక్కువ గొంతుతో నంబర్ చెప్పి అడగండి, వినకపోతే వాదించకుండా సిబ్బందిని పిలవండి.

అన్నిటికంటే సులువైన దారి అడగడం. తలుపు దగ్గర ఉన్నవాళ్లతో "ముందు వరుసలో ఖాళీ ఉంది, విరామం తర్వాత అక్కడ కూర్చోవచ్చా?" అంటే చాలాసార్లు సరే అంటారు, ఏ సీట్లు అమ్ముడుపోలేదో వాళ్లకి తెలుసు. జనం పలచగా వచ్చిన నాటకాలకి సిబ్బందే వచ్చి అందరినీ ముందుకి రమ్మని పిలుస్తుంటారు, అప్పుడు మొహమాటపడకుండా వెళ్లండి. చిన్న హాళ్లలో నటులకి ముందు వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి, ఖాళీ కుర్చీలకి నటించడం ఎవరికైనా కష్టమే. కాదంటే మాత్రం కారణం అడగకుండా థాంక్స్ చెప్పి మీ సీటుకి వెళ్లిపోండి.