ఫ్లెక్స్ హీటర్: లెక్క కాసేపే, అతికించడమే అసలు పని

బెంగళూరు పీణ్యలో ఫ్లెక్స్ హీటర్ల డిజైన్ చూస్తుంటాను. పల్చని ప్లాస్టిక్ పొరల మధ్య లోహపు ట్రాకులుండే, వస్తువు మీద అతికించే వంగే హీటర్లివి. నా టేబుల్ మీదికొచ్చే చాలా డ్రాయింగుల మీద సైజు ఉంటుంది, పక్కన "పది వాట్లు" అని ఉంటుంది. పదే ఎందుకని అడిగితే అటునుంచి మాట రాదు. అందుకే వాట్లను పక్కన పెట్టి, ముందు వేడెక్కాల్సిన వస్తువు సంగతి చూస్తాను.

50 × 30 మి.మీ. అల్యూమినియం పలక, 3 మి.మీ. మందం అనుకోండి. బరువు 12 గ్రాములు. దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి 11 జౌళ్లు కావాలి. 25 నుంచి 65 డిగ్రీలకు ఎక్కించాలంటే 440 దాకా. పది వాట్లు పెడితే ముప్పావు నిమిషం, గాలికి పోయేది కలుపుకుంటే ఇంకొంచెం. ఇప్పుడు ఆ "పది"కి ఒక కారణం దొరికింది. సప్లై 12 వోల్టులైతే 12ను 12తో గుణించి పదితో భాగించండి: 14.4 ఓమ్‌లు.

తర్వాత ఫాయిల్, అంటే ట్రాకులు తయారయ్యే పల్చని లోహపు రేకు. 25 మైక్రాన్ల మందమున్న రాగి-నికెల్ మిశ్రమలోహం కాన్‌స్టాంటన్‌లో ఒక చదరం నిరోధం, ఆ చదరం చిన్నదైనా పెద్దదైనా, 0.0196 ఓమ్‌లు. 14.4ని దానితో భాగిస్తే, మనకి 735 చదరాలు వరసగా కావాలి. ట్రాకుల మధ్య 0.3 మి.మీ. ఖాళీ వదిలి, ట్రాక్ వెడల్పు 1.29 మి.మీ. పెడితే 945 మి.మీ. పొడవు వస్తుంది, ఆ స్థలంలో సరిగ్గా పడుతుంది. అంచుల్లో వదిలే మార్జిన్ దీనికి అదనం. ఇదే పని 35 మైక్రాన్ల రాగితో చేస్తే వెడల్పు 0.12 మి.మీ.కి దిగిపోతుంది. ఎచింగ్‌లో (అక్కర్లేని లోహాన్ని రసాయనంతో కరిగించడంలో) కాస్త తేడా వచ్చినా ఓమ్‌లు ఎటో పోతాయి. పైగా రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, అంటే 40 డిగ్రీలు ఎక్కేసరికి వాట్లు పదమూడు శాతానికి పైగా పడిపోతాయి. రాగి సర్క్యూట్లకు బంగారం లాంటిదే, హీటర్లకు మాత్రం నేను వాడను.

ట్రాకులన్నీ ఒకే వెడల్పుతో గీస్తే మధ్యలో మాడి అంచులు పచ్చిగా ఉన్న దోసెలాగే ఉంటుంది పలక. అంచులకు చల్లారేది ఎక్కువ కాబట్టి అక్కడ ట్రాక్ సన్నం చేయండి. కరెంటు అంతటా ఒకటే, సన్నగా ఉన్నచోట వేడి ఎక్కువ పుడుతుంది. మధ్యలో ఆ మేరకు వెడల్పు పెంచి మొత్తం 14.4కి తెచ్చుకోవాలి.

తయారీ వరస ఇది: ఫాయిల్ మీద డ్రై ఫిల్మ్ (వెలుగు పడితే గట్టిపడే పొర), యూవీ వెలుగుతో ట్రాకుల అచ్చు, వాషింగ్ సోడా నీళ్లతో డెవలప్ (గట్టిపడని ఫిల్మ్‌ని కడిగేయడం), ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎచింగ్, ఫిల్మ్ ఊడదీయడం, పైన రక్షణ పొర అయిన కవర్‌లే పెట్టి 180 డిగ్రీల దగ్గర ప్రెస్. ఫిల్మ్ ఊడదీసేటప్పుడు కాస్టిక్ సోడాలో ఎక్కువసేపు ఉంచకండి, ట్రాకుల కింది ప్లాస్టిక్ పొర పాలీఇమైడ్‌ని అది తినేస్తుంది. ప్రెస్‌కి పంపే ముందే ఓమ్‌లు కొలవండి, కవర్‌లే పడ్డాక చేయడానికేం ఉండదు.

ఇక అతికించడం. మంచి హీటర్లు చెడిపోయేది ఇక్కడే. పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, తర్వాత వేలు పెట్టొద్దు. హీటర్ వెనక జిగురు మీది కాగితం మొత్తం ఒకేసారి పీకకుండా, ఒక అంచు ఆనించి, రబ్బరు రోలర్ తోస్తూ కొద్దికొద్దిగా లాగండి. బుడగ మిగిలితే అక్కడి వేడి పలకలోకి పోలేక ట్రాక్‌లోనే పేరుకుంటుంది. కొన్నాళ్లకు అక్కడ గోధుమరంగు మచ్చ, ఆ తర్వాత ట్రాక్ తెగి ఓపెన్ సర్క్యూట్.

బుడగ పట్టడానికి థర్మల్ కెమెరా అక్కర్లేదు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో బిల్లు మెషిన్ కాగితం రోల్ ఒకటి కొనండి. వేడికి నల్లబడే ఆ వైపు హీటర్ మీద పడేలా పరిచి, 12 వోల్టులిచ్చి, పలక 50 డిగ్రీలు చేరగానే ఆపేయండి. ఇది అరనిమిషం పని. బాగా అతికిన చోట కాగితం తెల్లగానే ఉంటుంది, బుడగ మీద నల్లచుక్క తేలుతుంది. మా ప్రెస్ దగ్గరుండే మడకశిర పెద్దాయన "బుడగుంటే బిల్లు పడ్తాదమ్మా" అంటాడు. అన్నట్టు, జిగురు పూర్తి పట్టు రావడానికి గది వేడిలో 72 గంటలు పడుతుంది. ఆ లోపు లాగి చూసి "ఊడొస్తోంది" అని నాకు ఫోన్ చేయకండి.

అతికించని హీటర్‌ని మాత్రం పూర్తి వోల్టేజీతో ఆన్ చేయొద్దు. వేడి పోయే దారి లేక 150 డిగ్రీలు దాటగలదు, లోపలి అక్రిలిక్ జిగురు తట్టుకునేది అంతవరకే.

వంచాల్సి వస్తే ఒకేసారి వంచి వదిలేసే సింగిల్ లేయర్‌కి మందానికి ఆరు రెట్ల వ్యాసార్థం చాలు. రోజూ వంగేదైతే వంద రెట్లు ఇవ్వండి. వంపు దగ్గర సోల్డర్ జాయింట్ ఉండకూడదు.

ఆఖరున థర్మల్ కటాఫ్, అంటే వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసే భాగం. కంట్రోలర్‌లో మాస్‌ఫెట్ (హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్టయితే హీటర్ ఆగకుండా కాలుతుంది, సెన్సార్ చూస్తూ ఊరుకోవడమే. అందుకే కటాఫ్‌ని హీటర్‌తో సిరీస్‌లో వేసి, పలకకే తగిలేలా బిగించండి. దాని ఖర్చు తగ్గిద్దామనే కస్టమర్‌కి నేను డ్రాయింగ్ మీద సంతకం పెట్టను.