వేలాడే మూత, ఊడిపోయే మూత: నీళ్ల సీసాల చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

ఐరోపా దేశాల్లో స్థిరపడిన పిల్లల దగ్గర కొన్ని నెలలు గడిపి విశాఖపట్నం తిరిగివచ్చిన పెద్దలు చలి గురించి, బస్సుల గురించి చెప్పిన తరువాత నీళ్ల సీసా గురించి కూడా ఒక ఫిర్యాదు చేస్తున్నారు. అక్కడ మూత ఎంత తిప్పినా చేతికి రాదని, సీసా మెడకు వేలాడుతూ తాగబోతే ముక్కుకు తగులుతుందని వారి బాధ. అది తయారీ లోపం కాదు. 3 లీటర్ల వరకు పట్టే, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పానీయ సీసాల మూతలు వాడుతున్నంతసేపూ సీసాను అంటిపెట్టుకునే ఉండాలని ఐరోపా సమాఖ్య 2019లో ఇచ్చిన ఆదేశంలో ఉంది. ఆ నిబంధన 2024 జూలై 3 నుంచి అమలవుతోంది. గాజు సీసాలకు, లోహపు డబ్బాలకు అది వర్తించదు. మన దగ్గర అటువంటి నియమం లేదు కనుక మన చిక్కు వేరు: వారికి మూత ఊడి రాదు, మనకు ఊడి వచ్చిన మూత మళ్లీ కనబడదు.

సమస్య: తాగేటప్పుడు మూత ముక్కుకో చెంపకో తగులుతోంది.
కారణం: మూతకూ, సీసా మెడ మీద మిగిలే వలయానికీ మధ్య సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. మూతను సగం వంచి వదిలేస్తే ఆ పట్టీ దాన్ని వెనక్కు, అంటే మన ముఖం వైపు లాగుతుంది.
పరిష్కారం: చాలా సీసాల్లో మూతను పూర్తిగా వెనక్కు వంచితే చిన్న టక్కుమనే చప్పుడుతో అక్కడే నిలిచిపోతుంది. చప్పుడు రాని రకమైతే, వలయం మెడ చుట్టూ తిరుగుతుంది కాబట్టి, మూతను పక్కకు తిప్పుకొని తాగాలి. గ్లాసులో పోసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. మూత ధారకు అడ్డు వస్తే నీళ్లు బల్ల మీదే పడతాయి.

సమస్య: మూత బిగించినట్టే ఉంది కాని సంచి తడిసిపోయింది.
కారణం: పట్టీ ఒక పక్కకు లాగడం వల్ల మూత వాలుగా కూర్చుంటుంది, మర ఒక పక్క మాత్రమే పడుతుంది. బలంగా తిప్పితే బిగిసినట్టే అనిపిస్తుంది, అదే మోసం.
పరిష్కారం: మూతను మెడ మీద సమంగా ఆనించి, ముందు విప్పే దిక్కుకు కొద్దిగా తిప్పాలి. మర ఒకదానిలో ఒకటి దిగినట్టు వేలికి తెలిసిన తరువాత బిగించే దిక్కుకు తిప్పితే చుక్క కారదు. వంటింట్లో పచ్చడి సీసా మూతలు పెట్టిన చేతులకు ఇది కొత్త విద్య కాదు.

కొందరు విసుగుతో మూతను మెలిపెట్టి తెంపేస్తారు. తెగిన చోట మిగిలే మొన పెదవిని గీస్తుంది. పైగా ఏ ఉద్దేశంతో కట్టారో అది పోతుంది. కీళ్లనొప్పుల వల్ల పట్టు చాలనివారు తడి గుడ్డ చుట్టి తిప్పితే సరిపోతుంది.

సమస్య: మన విశాఖ ఆర్కే బీచ్‌లో సీసాలు ఎవరో ఒకరు ఏరుకుపోతున్నారు, మూతలు మాత్రం ఇసుకలో మిగిలిపోతున్నాయి.
కారణం: ఇది మన అసలు చిక్కు, దీని వెనుక ఉన్నది ధర. ఖాళీ సీసాకు పాతసామాన్ల కొట్టులో తూకానికి డబ్బు వస్తుంది కాబట్టి దాన్ని ఏరేవారు ఉన్నారు. ఒక్కొక్క మూత కోసం నడుము వంచితే రోజంతా ఏరినా కూలి గిట్టదు. మన పూర్వులు ప్రయాణాల్లో తీసుకువెళ్లిన మరచెంబుకూ మూత విడిగానే ఉండేది, అయినా దాన్ని ఎవరూ రైలు కిటికీలోంచి విసిరేయలేదు. చెంబుతో పాటు మూతకూ ఇంట్లో లెక్క ఉండేది. ఐరోపావారు పట్టీతో చేసిన పని నా ఉద్దేశంలో ఇదే: విలువ లేని మూతను విలువ ఉన్న సీసాకు కట్టేశారు.

మిగిలిపోయిన మూత ఇసుకలోనే ఉండిపోదు. సీసాను పెట్ అనే ప్లాస్టిక్‌తో, మూతను పాలీఇథిలీన్‌తో గాని పాలీప్రొపిలీన్‌తో గాని చేస్తారు. పెట్ నీటి కన్నా బరువైనది, మూత ప్లాస్టిక్ నీటి కన్నా తేలికైనది. అందువల్ల కొండల మీద కురిసిన వాన గెడ్డల్లో పడి సముద్రం వైపు పరుగెత్తినప్పుడు మూత లేని సీసా నీరు నిండి మునుగుతుంది, మూత మాత్రం తేలుతూ ఎంత దూరమైనా పోతుంది. ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు తేలే ముక్క ఆహారమో కాదో తెలియదు.
పరిష్కారం: వాడిన సీసాను నలిపేయమని మన సీసాల మీద అచ్చువేసి ఉంటుంది. మనం మూత తీసి, సీసాను నలిపి, మూతను పక్కన పడేస్తాం. చేయవలసింది మరొక్క పని: నలిపి గాలి పోయిన తరువాత మూతను తిరిగి బిగించాలి. సీసా నలిగినట్టే ఉండిపోతుంది, చోటు కలిసివస్తుంది, మూత తూకంలోకి చేరుతుంది. పట్టీ చేసే పనిని ఇక్కడ మన చెయ్యి చేస్తుంది.

సమస్య: మూతతో ఇస్తే సీసా పునర్వినియోగానికి పనికిరాదని ఒకరు, పనికి వస్తుందని మరొకరు అంటున్నారు.
కారణం: ఇద్దరిదీ పూర్తిగా తప్పు కాదు. సీసాలను ముక్కలు చేసి నీటి తొట్టెలో కడిగే కర్మాగారంలో పెట్ ముక్కలు అడుగుకు చేరి, మూత ముక్కలు పైకి తేలి వాటంతట అవే విడిపోతాయి. చేత్తో వేరు చేసే చిన్న కొట్టులో మాత్రం మూత అదనపు పని.
పరిష్కారం: మీరు వేసే కొట్టువాడినే అడగండి. విడిగా కావాలంటే మూతలను ఒక పాత డబ్బాలో పోగుచేసి, నిండిన తరువాత ఒకేసారి ఇవ్వండి. చెత్త బండికి ఇచ్చేవారు లోపలి నీటిని ఒంపేసి పొడి చెత్తలో వేస్తే చాలు. తడి చెత్తతో కలిసి జిడ్డు పట్టిన సీసాకు ధర ఉండదు.

సమస్య: ఇంత చేసినా ఇంట్లో సీసాలు తగ్గడం లేదు.
కారణం: కొనడం తగ్గలేదు. మన దేశంలో 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్లేలు వంటి వాటిని నిషేధించారు. నీళ్ల సీసా ఆ జాబితాలో లేదు. ఐరోపావారు కూడా మూతతో సరిపెట్టలేదు. పానీయ సీసాల్లో 77 శాతం 2025 నాటికి, 90 శాతం 2029 నాటికి విడిగా సేకరించాలని అదే ఆదేశంలో లక్ష్యం పెట్టుకున్నారు. సేకరణ లేనిచోట కట్టిన మూత సీసాతో పాటే గెడ్డలోకి పోతుంది.
పరిష్కారం: సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్లేవారిని చూడండి. 32 కిలోమీటర్ల దారిలో దాహం వేసిన ప్రతిసారీ కొత్త సీసా పట్టుకుంటే తెల్లవారేసరికి ఒక మనిషి పేర ఎన్ని మూతలు రోడ్డు మీద పడతాయో లెక్క వేసుకోవచ్చు. ఒక స్టీలు సీసా భుజానికి తగిలించుకొని, దారిలో నీళ్లు పోసేవారి దగ్గర నింపించుకుంటే ఆ లెక్కే ఉండదు. స్టీలు సీసా వాసన వస్తోందని మానేసినవారు చాలామంది ఉన్నారు. వాసన స్టీలుది కాదు, మూత లోపలి రబ్బరు వలయం కింద నిలిచిన తడిది. వారానికొకసారి ఆ వలయాన్ని చెంచా కాడతో పైకి లేపి తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరిన తరువాతే తిరిగి పెట్టాలి. రాత్రిపూట సీసాను మూత లేకుండా బోర్లించి ఉంచాలి.